కుక్కర్లో కల్పులాల్పాన్ యుద్ధం

పోయిన నెల మాధవి హెర్న్‌డన్ నుంచి వచ్చి అల్ఫారెట్టాలో మా ఇంట్లో రెండు రోజులు ఉంది. ఎం.ఎస్. చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నవాళ్ళం. శనివారం పొద్దున్న అది కాఫీ పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి నేను కందిపప్పు పళ్ళెంలో పోసుకుని ఏరుతున్నాను. ఇక్కడ అమెరికాలో ప్యాకెట్లో వచ్చే పప్పులో రాయి కాదు కదా, పొట్టు కూడా కనిపించదు. అయినా ఏరకుండా కుక్కర్లో పొయ్యడానికి నాకు చెయ్యి రాదు. మాధవి గుమ్మంలోనే ఆగి కాసేపు చూసి, "ఇంకా ఏరుడు బంద్ చెయ్యలేదానే నువ్వు? ఆ ముసలాయన యుద్ధమంతా ఏరి కుక్కర్ల పెట్టినవ్, అయినా బుద్ధి రాలే నీకు," అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. హాల్లోంచి మా ఆయన "ఏ యుద్ధం?" అని అడిగాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడే తట్టింది. ఆ పూట ఆయనకి చెప్పిందే, కొంచెం నింపాదిగా, ఇక్కడ రాస్తున్నాను.

మా యూనివర్సిటీ టెక్సాస్‌లో దక్షిణపు కొసన, ఎండ తప్ప ఇంకేమీ పుష్కలంగా దొరకని ఒక చిన్న ఊళ్ళో ఉండేది. మిగతా తెలుగు స్టూడెంట్లంతా ఒక్కో అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది సర్దుకుంటే, నేనూ మాధవీ ఒక పెద్దాయన ఇంట్లో గది తీసుకున్నాం. ఆయన పేరు ఆన్సెల్మో. ఊళ్ళో అందరూ దోన్ ఆన్సెల్మో అనేవాళ్ళు, అంటే మనం గారు అన్నట్టు. మేం మాత్రం అలవాటు కొద్దీ అంకుల్ అన్నాం. మొదటిసారి విని ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీ అమ్మ వైపా, నాన్న వైపా?" అని అడిగాడు. ఎవరి వైపూ కాదు, మా దగ్గర పెద్దవాళ్ళందరినీ అలాగే అంటాం అంటే, "అయితే మీవాళ్ళ పెళ్ళిళ్ళకి బంతికి ఎంతమంది కూర్చుంటారో!" అని బెంగపడ్డాడు. రైలు పట్టాలు మరమ్మతు చేసే పని చేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. డెబ్భై అయిదేళ్ళ వయసులో కూడా పొద్దున్నే గడ్డం గీసుకుని, తలకి నూనె రాసి, టోపీ పెట్టుకున్నాకే మొదటి కాఫీ తాగేవాడు. ఆ కాఫీలో దాల్చినచెక్క వేసి మరిగించేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా దాల్చినచెక్క వాసన వస్తే నాకు పాయసం గుర్తుకు రాదు, ఆ ఇల్లే గుర్తుకొస్తుంది.

ఆ ఇంట్లో నాకు అన్నీ వింతే. రాత్రి మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్ళలో నానబెట్టేవాడు. సున్నం గోడలకి, తాంబూలానికి తప్ప తిండిలోకి రావడం నేనెక్కడా చూడలేదు. ఎందుకని అడిగితే, "మా అమ్మ వేసేది," అన్నాడు. మీ అమ్మ ఎందుకు వేసేదంటే, "వాళ్ళమ్మ వేసేది," అన్నాడు. ఎండుమిరపకాయలు పెనం మీద కాల్చేటప్పుడు మాత్రం ఇంట్లో ముగ్గురం కలిసి దగ్గేవాళ్ళం, ఆ దగ్గులో మా తెనాలికీ టెక్సాస్‌కీ తేడా ఏమీ ఉండేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు, శనివారాలు ఒక ఎత్తు. శనివారం పొద్దున్నే ఆయన పింటో బీన్స్ బస్తాలోంచి నాలుగు దోసిళ్ళు డైనింగ్ టేబుల్ మీద పోసేవాడు. అవి మన బొబ్బర్లకి కొంచెం పెద్దన్నలు, ఒంటి మీద చారలతో ఉంటాయి. ముగ్గురం చుట్టూ కూర్చుని రాళ్ళూ, పుచ్చులూ ఏరేవాళ్ళం. నేను చేట లేకపోయినా రెండు చేతులతో ఎగరేసి పొట్టు ఊదడం చూసి ఆయన నన్ను మెచ్చుకోలుగా చూసేవాడు. ఆ బల్ల దగ్గరే ఆయన తన ముత్తాత కథ చెప్పేవాడు.

కథ మెక్సికోది. అక్కడ ఒకప్పుడు సొంతవాళ్ళ మధ్యే యుద్ధం వచ్చి మూడేళ్ళు నడిచింది. చర్చి చేతిలో ఉన్న భూములూ అధికారాలూ తీసెయ్యాలని కొత్త రాజ్యాంగం రాసినవాళ్ళు ఒక పక్షం, అవి అలాగే ఉండాలనేవాళ్ళు ఇంకో పక్షం. ఒకే దేశానికి ఇద్దరు అధ్యక్షులు, రెండు ప్రభుత్వాలు. చివరికి ఒక డిసెంబరులో, క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, కల్పులాల్పాన్ అనే ఊరి దగ్గర గుట్టల మీద రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. పొద్దున్నే మొదలైన పోరు మధ్యాహ్నం భోజనం వేళ కాకుండానే ముగిసింది. చర్చి పక్షం విరిగిపోయింది. మూడేళ్ళ గొడవ ఒక్క పూటలో తేలిపోయింది. గెలిచిన సైన్యంలో తన ముత్తాత జెండా పట్టుకుని ముందు నడిచాడని దోన్ ఆన్సెల్మో చెప్పేవాడు. చెబుతూ చేతిలో ఉన్న గింజని నిటారుగా పట్టుకునేవాడు. మాధవికి చరిత్ర గిట్టదు, అది ఏరడం మీదే ఉండేది. నాకు మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చేవి. జెండా ఏ రంగు? చలికాలం కదా, మంచు పడిందా? ఆయన ఏ వరసలో ఉన్నాడు? ఊరు ఎంత దూరం? ఇవి అడిగితే దోన్ ఆన్సెల్మో కొంచెం తడబడేవాడు. "ఇవన్నీ మా లాలాకి తెలుసు," అనేవాడు. వెంటనే మాట మార్చేసేవాడు.

లాలా అంటే యులాలియా, ఆయన అక్క. ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. సరిహద్దు దగ్గర లారెడోలో ఉండేది. వాళ్ళ నాయనమ్మ ఆ ముత్తాతకి స్వయానా కూతురు, ఆవిడ ఒళ్ళో పెరిగింది లాలాయే. అప్పటికి ఏడేళ్ళ క్రితం వాళ్ళమ్మ పోయినప్పుడు, అంత్యక్రియల తర్వాత భోజనాల దగ్గర దోన్ ఆన్సెల్మో లేచి నిలబడి, మనది కల్పులాల్పాన్‌లో జెండా మోసిన వంశం అని ఉపన్యాసం ఇచ్చాడట. లాలా "అబద్ధం" అని ఒక్క మాట అని, చేతిసంచీ తీసుకుని, తింటున్న కంచం అలాగే వదిలేసి వెళ్ళిపోయిందట. అప్పటినుంచి మాటల్లేవు. ఏది అబద్ధమో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆ ఏడు నవంబరు మూడో వారంలో ఆవిడే ఫోన్ చేసి, "నాకు ఎనభై మూడు వచ్చాయి. ఆ యుద్ధం జరిగిన రోజున వస్తాను. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను," అని పెట్టేసిందట. మాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆవిడ పోతే ఇంక తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు, మిహా," అన్నాడు. మిహా అంటే అమ్మాయీ అని. జీవితంలో ఒక్కసారైనా అక్క నోటితో ఔను అనిపించుకోవాలని ఆయన తపన.

ఆ నెల రోజులూ ఆయన గ్యారేజ్‌లో తలుపేసుకుని ఏదో చేస్తూ ఉండేవాడు. మాకు పరీక్షల గొడవ, పట్టించుకోలేదు. ఆ రోజు రానే వచ్చింది. పరీక్షలైపోయాయి, కంటినిండా నిద్రపోయి లేచేసరికి తొమ్మిది. ఇంట్లో ఎవరూ లేరు, అక్కని తీసుకురావడానికి బస్ స్టేషన్‌కి వెళ్ళినట్టున్నాడు. డైనింగ్ టేబుల్ మీద ముతక గుడ్డ ఎగుడుదిగుడుగా పరిచి ఉంది. దాని నిండా గింజలే. పింటోలు ఒక పక్క, నల్ల బీన్స్ ఒక పక్క, మధ్య మధ్య మొక్కజొన్న గింజలు, అక్కడక్కడా మిరియాలు. నేనేమనుకున్నానంటే, పాపం, కంగారులో సంచులన్నీ ఒకదానిలో ఒకటి కలబోసుకుని, ఏరడానికి టైమ్ లేక వదిలేసి వెళ్ళాడనుకున్నాను. మామూలు రోజు కూడా కాదాయె, ఏడేళ్ళ తర్వాత ఇంటికి చుట్టం వస్తోంది! తెనాలిలో పుట్టిన ఆడపిల్ల ఇలాంటప్పుడు చేతులు కట్టుకుని కూర్చోదు. కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను. పింటోలు ఒక గిన్నెలోకి, నల్లవి ఇంకో గిన్నెలోకి, మొక్కజొన్న, మిరియాలు వేరే. గుడ్డ దులిపి మడతపెట్టాను, దాని కింద ఉన్న కాగితపు ఉండలు చెత్తబుట్టలో పడేశాను. అవే గుట్టలని నాకేం తెలుసు? గింజలు కడిగాను. నానబెట్టే వ్యవధి లేదు కాబట్టి అమ్మ పంపిన కుక్కర్ తీసి, నల్లవి ఆలస్యంగా ఉడుకుతాయని కింది గిన్నెలో, పింటోలు పై గిన్నెలో పెట్టి మంట పెంచాను. ఎంత సంతోషంగా చేశానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది.

మొదటి విజిల్‌కి మాధవి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. ఖాళీ బల్లని చూసింది, కుక్కర్‌ని చూసింది, నన్ను చూసింది.

"వసూ, రాత్రి నీళ్ళకని లేసినప్పుడు టేబుల్ మీద ఉన్న గింజలేవే?"

"ఏరేశాను. బోలెడు కలిసిపోయాయి, గంట పట్టింది."

"ఏందే నువ్వు చేసిన పని! మొన్న సూట్‌కేస్ కోసం గ్యారేజ్‌ల పోతే చూసిన్నే. పెద్ద చెక్క మీద అచ్చం గట్లనే పేర్చిండు. ఏందంకుల్ అంటే ఆ యుద్ధమే, అక్కకి చూపిస్తా, ఎవరికీ చెప్పకు అన్నడు. పింటోలు గెలిచినోళ్ళు, నల్లవి ఓడినోళ్ళు, మక్కలు గుర్రాలు, మిరియాలు ఫిరంగులు. నెల రోజులసంది పుస్తకాలు ముందల వేసుకొని పేర్చిండే అదంతా!"

నేను పరుగున వెళ్ళి స్టవ్ ఆపబోయాను. ఆపి ఏం లాభం? ఉడికిన సైన్యాన్ని మళ్ళీ బల్ల మీద నిలబెడతానా? ఇంతలో బయట కారు తలుపు చప్పుడైంది. దోన్ ఆన్సెల్మో అక్క మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆవిడ పొట్టిగా, నిటారుగా, నల్ల గౌనులో ఉంది. ఆయన నాటకంలోలా చెయ్యి చాపి బల్ల వైపు చూపించబోయి ఆగిపోయాడు. అదే సమయానికి వంటింట్లో కుక్కర్ రెండో విజిల్ వేసింది. ముసలావిడ ఉలిక్కిపడి స్పానిష్‌లో ఏదో అడిగింది. నేను ఏడుస్తూ చెప్పేశాను. ఏరాలేమో అనుకున్నాను అంకుల్, సారీ అంకుల్, చుట్టం వస్తోంది కదా అని. నా ఇంగ్లీషు మధ్యలో తెలుగైపోయింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏరేశావా?" అన్నాడు, అంతే. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, కుర్చీలో కూలబడ్డాడు. ఆ క్షణాన ఆయన మొదటిసారి నాకు ముసలివాడిలా కనిపించాడు.

మగవాళ్ళని దోన్ అన్నట్టే ఆడవాళ్ళని దోన్యా అంటారు. దోన్యా లాలా తమ్ముడి నోటి నుంచి సంగతంతా రాబట్టింది. నెల రోజుల పని, గుట్టలు, ఫిరంగులు, నేను. తర్వాత తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, కుక్కర్ వైపు వేలు చూపించి తియ్యమంది. ఆవిరి పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. మూత తీశాక ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు గిన్నెల్నీ వంగి చూసింది. ఆవిడకి నవ్వు వచ్చింది. చిన్న నవ్వు కాదు, పళ్ళులేని నోరంతా తెరిచి, స్టవ్ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే రెండు గిన్నెలూ ఒక పెద్ద గిన్నెలోకి వంచేసి, ఉల్లిపాయ తరగమని నాకు సైగ చేసింది. అప్పుడు తమ్ముణ్ణి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నేను చెబుతాను, నువ్వు ఈ పిల్లలకి ఇంగ్లీషులో చెప్పు అంది. ఆవిడకి ఇంగ్లీషు రాక కాదు. పుట్టింది మెక్సికోలో అయినా పెరిగింది టెక్సాస్‌లోనే. తమ్ముడి నోటితోనే చెప్పించాలని ఆవిడ పట్టుదల, అది నాకు తర్వాత అర్థమైంది.

ఆవిడ రెండు వాక్యాలు చెప్పడం, ఆయన వాటిని మాకు అందించడం. అలా సాగింది. ముత్తాత తాళ్ళు పేనేవాడు. పెళ్ళై నెల తిరక్కుండానే, సంతలో తాళ్ళు అమ్ముకుంటుంటే చర్చి పక్షం సైన్యం వచ్చి బలవంతంగా పట్టుకుపోయింది. దోన్ ఆన్సెల్మో ఆ మాట ఇంగ్లీషులో అంటూ ఆగాడు. "చర్చి పక్షమా?" అని అక్కని అడిగాడు. ఆవిడ "చెప్పు," అంది. ఆయన చెప్పాడు. రెండేళ్ళు ఎక్కడెక్కడో తిప్పారు. కల్పులాల్పాన్ గుట్టల మీద వాళ్ళ వరస విరిగిపోగానే అందరూ పరుగెత్తారు. తుపాకులు పారేసి మాతో కలవండి, ప్రాణాలకి భయం లేదు అని గెలిచినవాళ్ళు కేకేశారు. చాలామంది కలిశారు. ముత్తాత తుపాకీ మాత్రం పారేశాడు, వాళ్ళతో కలవలేదు. ఇంటి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టాడు. "పారిపోయాడు," అంది దోన్యా లాలా. ఆ మాట స్పానిష్‌లో విన్నా నాకు అర్థమైంది, ఎందుకంటే దోన్ ఆన్సెల్మో దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేకపోయాడు. ఆవిడ తొందరపెట్టలేదు. వంటింట్లో బీన్స్ మళ్ళీ కుతకుతమంటున్నాయి. కాసేపటికి ఆయన మా ఇద్దరి వైపూ చూడకుండా, బల్ల వైపు చూస్తూ, "మా ముత్తాత పారిపోయాడు," అన్నాడు.

తర్వాతది ఆవిడ తొందరగా చెప్పేసింది. మూడు రోజులు నడిచి, కెరెతారో పట్నం దాటాక ఉన్న తన పల్లెకి క్రిస్మస్ రోజు పొద్దున చేరాడు. భార్య మొక్కజొన్న రుబ్బుతోంది. చేతులు కూడా కడుక్కోకుండా, "ఎవరు గెలిచారు?" అని అడిగిందట. "ఏమో, కనుక్కోలేదు," అన్నాడట. మరుసటి సెప్టెంబరు ఆఖర్లో కూతురు పుట్టింది. ఆ కూతురే వీళ్ళ నాయనమ్మ. మగపిల్లలకి చెప్పకు, వాళ్ళకి జెండాలు కావాలి అని ఆవిడే మనవరాలి దగ్గర మాట తీసుకుందట. ఆ మాటకి కట్టుబడి లాలా ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. అమ్మ కర్మకాండ రోజున మాత్రం ఒక్క మాట జారింది.

"ఇన్నేళ్ళలో నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు దోన్ ఆన్సెల్మో, ఈసారి మాకోసమో ఏమో ఇంగ్లీషులోనే.

"నువ్వు ఎప్పుడు అడిగావు?" అంది ఆవిడ, శుభ్రమైన ఇంగ్లీషులో. "నువ్వు చెబుతూనే ఉన్నావు కదా." ఆ తర్వాత నా వైపు తిరిగి, "మంచి పని చేశావమ్మా. ఆ బల్ల అలాగే ఉండి ఉంటే వీడు ఇంకో ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. నేను వచ్చిన దారినే పోయేదాన్ని," అంది.

మాధవి ఉన్న రెండో రోజు ఇద్దరం ఫోన్‌లో కల్పులాల్పాన్ వెతికాం. క్షణం పట్టలేదు. ఎండిన గడ్డి, గట్లు, ఒక రోడ్డు, దాని మీద చుక్కల్లాంటి కార్లు. ఏ సైన్యం ఎటు నిలబడిందో గీతలు గీసి చూపిస్తున్నారు. అంకుల్ నెలంతా గ్యారేజ్‌లో కూర్చుని కుస్తీ పట్టింది ఇంతసేపట్లో మా అరచేతిలోకి వచ్చింది. కానీ ఆ తాళ్ళ మనిషి ఏ గట్టు దిగి ఎటు వెళ్ళాడో మాకు ఎక్కడా దొరకలేదు. మా నాయనమ్మ నేను అమెరికా వచ్చేనాటికి బతికే ఉంది. తన తండ్రి పేరేమిటో, ఏం చేసేవాడో, ఎవరికి భయపడ్డాడో నేను ఒక్కసారీ అడగలేదు. ఆవిడ ఏదో చెప్పబోతే వీసా ఇంటర్వ్యూకి చదువుకోవాలి అని లేచిపోయేదాన్ని. అంకుల్‌ని జెండా ఏ రంగని అడిగి వేధించిన నేను, సొంత మనిషిని అడగడానికి నోరు మెదపలేదు. ఇప్పుడు మా అమ్మాయి అడక్కుండానే నేను అన్నీ చెబుతాను. అది ఫోన్ చూస్తూ "ఓకే మామ్" అంటుంది. అడిగేవాళ్ళు ఉన్నప్పుడు చెప్పడం ఎంత అదృష్టమో ఆ ముసలావిడకి బాగా తెలుసు, అందుకే అంతకాలం ఎదురుచూసిందనిపిస్తుంది.

దోన్యా లాలా ఆ సాయంత్రం బస్సుకి వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. ఇద్దరూ వరండాలో కుర్చీలు వేసుకుని, మధ్యలో ఒక పళ్ళెం పెట్టుకుని అక్రోటుకాయల్లాంటి పెకాన్ కాయలు కొట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. ఎక్కువగా ఆయన అడిగేవాడు, ఆవిడ చెప్పేది. చెప్పులున్నాయా? ఏం తిన్నాడు? దారిలో ఎవరైనా ఆపారా? సమాధానం తెలియకపోతే ఆవిడ తెలియదు అనేసేది, ఆయన ఇంకోటి అడిగేవాడు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం చుట్టుపక్కలవాళ్ళు, ఆయన కొడుకులు, కోడళ్ళు, పిల్లలు వచ్చారు. భోజనానికి ముందు గ్లాసు పట్టుకుని లేవడం ఆయన ఏటేటా చేసే పనే. ఆయన లేవగానే ఒక కోడలు పిల్లలకి సైగ చేసింది, జెండా కథ కాసేపు ఓపిక పట్టండి అన్నట్టు. నేను దోన్యా లాలా చేతిసంచీ ఎక్కడుందా అని చూశాను. కుర్చీ కాలి పక్కనే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ పొద్దున్న," అన్నాడు, "మా ముత్తాత నడిచి ఇంటికొచ్చాడు." ఇంకేదో అనబోయి, అక్క వైపు చూసి, కూర్చుండిపోయాడు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. తన కంచంలోని రొట్టె రెండుగా తుంచి, ఒక ముక్క తమ్ముడి కంచంలో వేసింది.